నార్బర్ట్ అరచేతులు

అమెరికాలో, కెంటకీలోని ఆ పాత బర్బన్ విస్కీ బట్టీలో నార్బర్ట్ మాటింగ్లీని అందరూ వేటకుక్క అనేవారు. ముప్ఫై ఆరేళ్ళు గిడ్డంగిలో వరసల మధ్య తిరిగి, ఏ పీపా కారుతోందో వాసనతోనే పట్టేసి, పగుల్లో చెక్కమేకు దిగ్గొట్టడం అతని పని. మోకాళ్ళు అరిగాక, బట్టీ చూడటానికి వచ్చినవాళ్ళని తిప్పే పని ఇచ్చారు.

నిరుడు చలికాలం జ్వరపడి లేచేసరికి ఆ ముక్కు పోయింది. భార్య బెర్నడీన్‌కి ఒక్కదానికే చెప్పాడు. వేసవిలో ఆవిడా పోయింది. ఈ సంగతి పొక్కితే గిడ్డంగి తాళంచెవి లాగేసుకుంటారు. ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు. అందుకే వాసనలన్నీ బట్టీపట్టిన పాఠంలా అప్పజెబుతూ నెట్టుకొస్తున్నాడు.

ఆ బుధవారం ఇరవైమంది వచ్చారు. నార్బర్ట్ పీపా బిరడా లాగి, రాగి గొట్టం ముంచి, తేనీటి రంగు ద్రవాన్ని అందరి అరచేతుల్లో తలో కాస్త పోశాడు.

"బాగా రుద్దండి. చిటికెలో ఆరిపోద్ది. అప్పుడు చూడండి వాసన!"

తనూ రుద్దాడు. చల్లగా ఎగిరిపోవాల్సింది ఆరలేదు. మళ్ళీ రుద్దాడు. తడి తడిగానే ఉంది.

అప్పుడు కిందికి చూశాడు. అడ్డంగా పడుకోబెట్టిన పీపా ముందు పలక మీద, అతని మోకాళ్ళ దగ్గర, సుద్దముక్కతో గీసిన గుర్తు. చెక్క ఉబ్బి పగులు మూసుకోవాలని, కారే పీపాలో నీళ్ళు నింపి నానబెట్టారని దానర్థం. పీపా లోపల కాల్చిన చెక్క బొగ్గు దిగి నీళ్ళకి ఆ రంగొచ్చింది. సుద్దగుర్తు వెతుక్కోవడం కొత్తవాళ్ళ పని. వేటకుక్క ఏనాడూ దాని వంక చూసి ఎరగడు.

ఇరవై మొహాలు అతనికేసే చూస్తున్నాయి.

"కాలిన పంచదార," అన్నాడు. "వెనకాల కాస్త వనిల్లా."

"అబ్బ, నిజమేనండీ! వనిల్లా!" అంది గడ్డిటోపీ ఆవిడ.

"నాకు ఎండు చెర్రీ కూడా తగుల్తోంది," అన్నాడు ఆమె మొగుడు.

"నీకా! మొన్న పాలు విరిగితే గడగడా తాగేశావు!"

అందరూ నవ్వారు. నార్బర్ట్ కూడా నవ్వాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ. ఆ నవ్వులో, గుమ్మం దగ్గర నిలబడ్డ డెల్ఫీన్ కనబడింది. ఒకప్పటి జోడీగాడి కూతురు, ఇప్పుడు గిడ్డంగి పెత్తనం ఆమెదే. ఆమె నవ్వడం లేదు, సుద్దగుర్తుకేసి చూస్తోంది.

జనం వెళ్ళాక దగ్గరికొచ్చింది.

"ఎప్పట్నుంచి, బాబాయ్?"

"నిరుడు జ్వరం వచ్చినకాణ్ణుంచి."

"నేనెవరికీ చెప్పన్లే. ఇకనుంచి గుర్తు చూసుకో, సరిపోద్ది."

నార్బర్ట్ తలెత్తి వరసలకేసి చూశాడు. వేల పీపాలు, మొత్తం ఎండిన కొయ్య.

"పైన ఒకటి కారుతూ ఉంటది. ఎవడో తలమాసినోడు సిగరెట్ ముట్టిస్తాడు. ఇరవైమందిని పక్కనెట్టుకుని నేను వనిల్లా అంటా ఉంటానమ్మాయ్."

అతను తాళంచెవి వలయంలోంచి ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. అది ఊడటానికే చాలాసేపు పట్టింది.

ఇప్పుడు కార్లు ఆపే మైదానం నుంచి బట్టీదాకా చిన్న బస్సు నడుపుతున్నాడు. తిరుగు ప్రయాణంలో ఎక్కినవాళ్ళని అద్దంలోంచి అడుగుతాడు:

"వాసన ఎట్టా ఉందండీ?"

"కాలిన పంచదార, వనిల్లా!" అంటారంతా.

అది వాళ్ళ ముక్కు చెప్పిందో, మొహమాటం చెప్పిందో అతనికి తేలదు. సరేనని తలాడించి గేరు మారుస్తాడు.