సర్వరుకు రాహుకాలం

మేము ఆడిన ఆటలో రెండు లోకాలు ఉండేవి. ఒకటి బయటిది. కొండలు, అడవులు, చిత్తడి నేలలు, ఊళ్ళు. అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, ఒంటరిగా రోజంతా తిరగొచ్చు, ఆకులు ఏరుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. రెండోది కోట. అందులోకి సరిగ్గా పది మంది కలిసి వెళ్ళాలి. దాన్ని రెయిడ్ అనేవాళ్ళం. లోపల గదికో రాక్షసుడు. పది మందీ ఎవరి పని వాళ్ళు తప్పు లేకుండా చేస్తే ఒకడు చస్తాడు. వారానికి ఒక్కసారే ఆ అవకాశం. ఆ వారం వెళ్ళలేనివాడు మళ్ళీ వారం దాకా ఆగాల్సిందే.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఒంటరిగా తిరగడం ఒక సుఖం, పది మందితో కలిసి పని చెయ్యడం ఇంకో సుఖం. మనిషికి రెండూ కావాలి. నా కోపమంతా ఆ రెండింటి మధ్యా ఆట తయారుచేసినవాళ్ళు పెట్టిన తూకం మీద. మంచి కత్తి, మంచి కవచం కోటలోనే దొరికేవి. బయట ఏడాది తిరిగినా వాటికి సాటి వచ్చేది ఒక్కటీ దొరకదు. పోనీ బయటి లోకాన్ని దాని మానాన వదిలేశారా అంటే అదీ లేదు. కోటలో చావకుండా నిలబడాలంటే మందులు కావాలి, బలమిచ్చే చేపల వంటకాలు కావాలి. అవి బయట మాత్రమే తయారవుతాయి. అంటే ఎవరో ఒకరు వారమంతా ఆకులు ఏరి, చేపలు పట్టి, వండి పెడితే, శుక్రవారం నాడు పది మంది లోపలికి వెళ్ళి అవి తిని వీరులైపోతారు. అంత అందమైన లోకాన్ని కట్టి, దాన్ని కోటకి వంటిల్లుగా మార్చేశారు. ఎవరు లోపలికి వెళ్ళాలి, ఎవరు గుమ్మం బయట ఉండి పని చెయ్యాలి అన్న ఏర్పాటు ఎక్కడ కనిపించినా నేను ఊరుకోలేను. సభల్లో దాని మీదే మాట్లాడ్డం నేర్చుకున్నవాణ్ణి.

ఇది రెండు వేల ఎనిమిది ప్రాంతం మాట. నేను తాడేపల్లిగూడెంలో ఒక ట్యుటోరియల్‌లో పొద్దుటి బ్యాచ్‌లకి లెక్కలు చెప్పేవాణ్ణి. మంగళవారం ఒక్కటీ సాయంత్రం దాకా క్లాసులుండేవి. మిగతా రోజుల్లో పన్నెండున్నరకల్లా రైల్లో ఏలూరు వచ్చేసి, భోంచేసి నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. ఆదివారం పొద్దున్న హేతువాదుల సమావేశం. అక్కడ నా వాదానికి మంచి పేరు. అవతలివాడు నమ్మినదాన్నే నిజమని ఒప్పుకుని, దాన్ని చివరిదాకా సాగదీసి, అది ఎంత అర్థం లేనిదో వాడి నోటితోనే చెప్పించడం నా పద్ధతి.

నెట్ సెంటర్ యజమానే మా గుంపుకి నాయకుడు. నలభై దాటిన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆయన కౌంటర్ వెనక గోడకి పెద్ద క్యాలెండర్ ఉండేది. ఏ రోజు వర్జ్యం ఎప్పుడు, రాహుకాలం ఎప్పుడు అన్నది చూడకుండా ఆయన కోటలో కాలు పెట్టేవాడు కాదు. మా గుంపులో గాయాలు మాన్పేవాడు పక్క వీధిలో కళ్ళజోళ్ళ షాపాయన. శుక్రవారం మధ్యాహ్నం మసీదు నుంచి నేరుగా రెండింటికి వచ్చేవాడు. గూడెంలో ఇంజినీరింగ్ చదివే నలుగురు అక్కడి నెట్ సెంటర్ నుంచి కలిసేవాళ్ళు. వాళ్ళకి శుక్రవారం మధ్యాహ్నం మూడింటిదాకా ల్యాబ్. అది ఎగ్గొట్టి వచ్చేవాళ్ళు. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు మా సెంటర్లోనే ఆడేవాళ్ళు.

పది మందిలోకీ ముఖ్యమైనవాడు ముందు నిలబడేవాడు. రాక్షసుడి దెబ్బలన్నీ వాడే కాయాలి, వెనక తొమ్మిది మందిని కాపాడాలి. ఆ పని చేసేది కొల్లేరు మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇంటర్ దాకా చదివి చేపల చెరువుల మీద పనికి కుదిరాడు. పొద్దున్నే పడవ మీద వెళ్ళి కర్రలకి మేత సంచులు కట్టడం, నీళ్ళ రంగు చూడ్డం, చేపలు పైకి తేలుతున్నాయా అని కనిపెట్టడం. శుక్రవారం శుక్రవారం చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి ఏలూరులో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌కి తెచ్చేవాడు. ఒంటిగంటకి సీసాలు ఇస్తే మూడున్నర దాటాక రిపోర్ట్ ఇస్తారు. ఆ రెండున్నర గంటలు ఎక్కడ కూర్చోవాలో తెలియక నెట్ సెంటర్లోకి వచ్చి, నా పక్క కుర్చీలో ఆట నేర్చుకున్నాడు. నాలుగు గంటల బస్సు తప్పితే రిపోర్ట్ చీకటి పడేలోపు చెరువుకి చేరదు. చేరకపోతే ఆ రోజు మందు చల్లడం కుదరదు.

బయటి లోకంలో ఆయనకి సాటి లేరు. ఏ వాగులో ఏ చేప పడుతుందో, ఏ గట్టు కింద ఏ ఆకు మొలుస్తుందో అన్నీ తెలుసు. ఆటలో గేలం వేసిన అర నిమిషానికే చేప పడడం చూసి నవ్వేవాడు. "ఇది చేసినాయన కొల్లేరు చూడలేదండి. చూస్తే ఇంత తొందరగా పడనివ్వడు" అనేవాడు. కోటలోకి వెళ్ళేలోపు ఉన్న ఆ గంటలోనే పది మందికీ కావలసిన మందులు, వంటకాలు ఆయనే సిద్ధం చేసేవాడు. అయితే ఆయన మనసు మాత్రం కోటలోనే ఉండేది. చివరి గదిలో ఉన్న ఐదోవాణ్ణి పడగొట్టేటప్పుడు ముందు తను ఉండాలి, అంతే. చెరువు మీద రోజంతా ఒక్కణ్ణే ఉంటానండి, పది మంది నా వెనకాల నిలబడేది ఇక్కడే అని ఒకసారి నాతో అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

శుక్రవారం రెండింటికి మొదలుపెడితే మూడున్నరకల్లా అయిపోయేది. అలా మూడు గదులు గెలిచాం. నాలుగోవాడి దగ్గర ఆగిపోయాం. వరసగా ఓడిపోతుంటే నాయకుడికి క్యాలెండర్ మీద గురి ఎక్కువైంది. ఒక శుక్రవారం సరిగ్గా రెండింటికి వర్జ్యం పడింది. మూడుంపావు దాకా ఆగుదాం అన్నాడు. ఆగాం. మూడున్నర దాటగానే కొల్లేరు మనిషి రిపోర్ట్ కోసం మధ్యలో లేచిపోవలసి వచ్చింది. ముందు నిలబడేవాడు లేకపోతే ఇంకేముంది, ఐదు నిమిషాల్లో అందరం చచ్చాం. ఇంకో శుక్రవారమూ అంతే అయింది. కళ్ళజోళ్ళాయన నవ్వుతూ, మా నమాజు టైము గోడ మీద రాసి ఉంటుందండి, మీ వర్జ్యం మాత్రం వారానికో చోటికి బదిలీ అయిపోతుంది, ఈసారి ముందే ఫోన్ చేసి చెబితే షాపు తెరుచుకుంటాను అన్నాడు. ఆ వారం బస్సుకి వెళ్తూ కొల్లేరు మనిషి నన్ను పక్కకి పిలిచి, మాస్టారూ మీరు చెబితే వింటారేమో ఒక్క మాట చెప్పి చూడండి అని అడిగాడు.

నాకు కావలసింది అదే. వారమంతా నా వాదం తయారుచేసుకున్నాను. పై శుక్రవారం ఒకటిన్నరకే వెళ్ళి, కౌంటర్ ముందు నిలబడి నాయకుణ్ణి అడిగాను. రాహుకాలం సూర్యుణ్ణి బట్టి వస్తుందా, రాదా? వస్తుందన్నాడు. మనం ఆడే కోట ఎక్కడుంది? సర్వర్‌లో ఉందన్నాడు. సర్వర్ ఎక్కడుంది? యూరప్‌లో. మరి కోటలో జరిగేదానికి ఏలూరు సూర్యుడు వర్తిస్తాడా, యూరప్ సూర్యుడు వర్తిస్తాడా? "మీట నొక్కేది ఏలూరులోనే కదండీ" అన్నాడు. నేను వదల్లేదు. రాక్షసుడు చచ్చేది అక్కడ కదా అన్నాను. కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. అంటే అక్కడి రాహుకాలం మనకి మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర. మనం ఇన్నాళ్ళూ మొదలుపెట్టింది నిక్షేపంగా రాహుకాలంలోనే. అయినా ముగ్గురు రాక్షసుల్ని చంపాం. కాబట్టి రాహువుకీ మన గెలుపుకీ సంబంధం లేదు. ఇక ఆ క్యాలెండర్ కట్టిపెట్టి ప్రతి శుక్రవారం రెండింటికే మొదలుపెడదాం.

ఆదివారం సభలో అయితే ఇక్కడ చప్పట్లు పడేవి. నాయకుడు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని లెక్కంతా రెండుసార్లు చదివాడు. మొహంలో కోపం లేదు, ఓడిపోయినవాడి చిన్నతనం కూడా లేదు. నిజంగా నా మీద కృతజ్ఞత కనిపించింది.

"ఏవండీ మాస్టారూ, ఈ ముక్క ముందే చెప్పొద్దా? నాలుగోవాడు ఎందుకు పడట్లేదో ఇన్నాళ్ళూ తెలీలేదండి" అన్నాడు.

ఆ కాగితాన్ని క్యాలెండర్ పక్కన టేపుతో అంటించాడు. ఇక నుంచి ఏలూరు రాహుకాలం, యూరప్ రాహుకాలం రెండూ చూసుకుని, శుక్రవారం మూడున్నరకి మొదలుపెడదామని అందరికీ చెప్పేశాడు. నా వెనక నిలబడ్డ కొల్లేరు మనిషి ఖాళీ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

ఆ పూటంతా పోట్లాడాను. అది రుజువు కాదండీ, ఎగతాళి అన్నాను. లెక్క తప్పా అని అడిగాడు. తప్పు కాదన్నాను. మరింకేంటండీ అన్నాడు. రెండింటికి ముందే మొదలుపెడదామంటే మసీదు నుంచి కళ్ళజోళ్ళాయన రాలేడు. ఇంకో రోజు పెట్టుకుందామంటే కొల్లేరు మనిషి ల్యాబ్‌కి వచ్చేది శుక్రవారమే. చివరికి అందరినీ చేతులెత్తమన్నాను. రెండింటికే కావాలన్నది నేను, కొల్లేరు మనిషి, కళ్ళజోళ్ళాయన. మా సెంటర్లో కుర్రాళ్ళిద్దరూ నాయకుడి మాటే అన్నారు. గూడెంలో ఉన్న నలుగురూ ఫోన్లో మూడున్నరే నయమన్నారు. ఆ నలుగురిలో ఒక్కడికి కూడా రాహుకాలం మీద నమ్మకం లేదు. ల్యాబ్ ఎగ్గొట్టనక్కర్లేదు, అంతే. అప్పుడు నాకు అర్థమైంది. మూఢనమ్మకాన్ని నిలబెట్టేది నమ్మేవాడు ఒక్కడే కాదు. దానివల్ల తన పని తేలికయ్యేవాడు పక్కన ఊరికే నిలబడినా చాలు.

తర్వాత నాయకుడు మర్యాదగా ఇంకో ఏర్పాటు చేశాడు. గూడెం వాళ్ళ స్నేహితుడు ఒకడు ముందు నిలబడతాడట. "మీరు బయట అంత బాగా ఆడతారు కదండీ, ఆ మందులు, వంటలు మీరైతేనే కుదురుతాయి. అవి మాత్రం ఎప్పట్లాగే చూడండి" అని కొల్లేరు మనిషిని అడిగాడు. ఆయన సరేనండి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి తీసుకెళ్ళి, ఎందుకు ఒప్పుకున్నారు, ఇవ్వనని చెప్పండి, మందుల్లేకుండా వాళ్ళెలా నిలబడతారో చూద్దాం అని గట్టిగా చెప్పాను. ఆయన టీ తాగుతూ అంతా విన్నాడు. నేను కోటకి వెళ్తున్నానా, మానేస్తున్నానా అని మాత్రం అడిగాడు.

నేను మానలేదు. ఇది దాచుకోవడంలో అర్థం లేదు. ఐదోవాడి దగ్గర నాకు కావలసిన మంత్రదండం ఒకటి ఉంది. నాలుగు నెలలుగా దాని కోసమే ఆడుతున్నాను. ఊళ్ళో అన్యాయాలన్నిటి మీదా వ్యాసాలు రాసేవాణ్ణి, పక్క కుర్చీలో మనిషిని గుమ్మం బయట ఉంచి లోపలికి నడిచాను. తర్వాతి రెండు శుక్రవారాల్లో నాలుగోవాడూ పడ్డాడు, ఐదోవాడూ పడ్డాడు. కొత్తగా ముందు నిలబడ్డవాడికి ఎప్పుడు వెనక్కి తగ్గాలో తెలియదు. మేము బతికింది కొల్లేరు మనిషి వండి పంపిన చేపల బలం మీద. మంత్రదండం కూడా నాకే వచ్చింది. నాయకుడు మాత్రం గోడ మీద కాగితాన్ని తట్టి, చూశారా మాస్టారూ, అంతా మీ లెక్క మహిమేనండి అన్నాడు. నా జీవితంలో నేను గెలిచిన వాదాలన్నిటిలో నన్ను అంతగా అవమానించింది ఇంకొకటి లేదు.

ఆ తర్వాతి శుక్రవారం కొల్లేరు మనిషి రాలేదు. ఇంకో శుక్రవారమూ రాలేదు. మందుల మూట కూడా రాలేదు. అడిగితే, సీసాలు మంగళవారానికి మార్చుకున్నారటండి అని నాయకుడు చెప్పాడు. ఓ మంగళవారం క్లాసులు మానేసి, ఒంటిగంటకి నెట్ సెంటర్‌కి వెళ్ళాను. కరెంటు పోయి అప్పుడే వచ్చింది. మూల కుర్చీలో ఆయన ఒక్కడే ఉన్నాడు. తెర మీద చిత్తడి నేల, రెల్లు, వాన. పక్కన కూర్చున్నాను. ఐదోవాడు ఎలా పడ్డాడో చెప్పమన్నాడు. చెప్పాను. ముందు నిలబడ్డాయన బాగా కాశాడా అండీ అని అడిగాడు. మీ అంత కాదన్నాను. ఆ మాటకి సంతోషించినట్టూ కనిపించలేదు, బాధపడినట్టూ కనిపించలేదు. ఉత్తరం వైపు వాగులో ఈ మధ్య ఎవరూ చూడని చేప ఒకటి పడుతోందని చెప్పి నన్ను అటు నడిపించాడు. అక్కడ రెండు గంటలు ఎవరికీ చెప్పకుండా, ఎవరికీ వండిపెట్టే పని లేకుండా ఊరికే తిరిగాం. ఇన్నాళ్ళూ ఈ లోకంలో ఒక్కసారీ ఇలా నడవలేదని నాకు అప్పుడు తోచింది.

అయినా నా నోరు ఊరుకోదు కదా. రిపోర్ట్ కోసం ఆయన లేవబోతుంటే, ఈ ఆదివారం సభలో మా పెద్దల్ని అడిగి కొత్త వాదం ఒకటి తయారుచేస్తున్నాను, ఈసారి నాయకుడు తప్పించుకోలేడు, మళ్ళీ రెండింటికి మార్పించి మిమ్మల్ని కోటలో నిలబెడతాను అన్నాను.

ఆయన సంచి భుజాన వేసుకుని నా వైపు చూశాడు. గొంతులో ఎప్పటి మర్యాదే.

"వద్దు మాస్టారూ. మీరు వాదిస్తే మంగళవారం కూడా పోతుందండి."