పసుపు పగలని చక్రం

కరోనా సద్దుమణిగిన తరువాతి వేసవిలో నాకు నీటి సరఫరా విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా మున్సిపాలిటీ పోస్టింగు వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటిలోనూ పనిచేశాను కాబట్టి ఇది ఏ ఊరి సంగతో చెప్పను. చెబితే నొచ్చుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మూడూ కొళాయి నీళ్ళు రోజూ వచ్చే ఊళ్ళు కావని మాత్రం చెప్పగలను. అలాంటి చోట నీళ్ళ ఇంజనీరుకు మొదట అలవడే గుణం అనుమానం. నాకది పుట్టుకతోనే ఉందని మా ఆవిడ అంటుంది.

పెద్ద భవనాలకు మేము రెండు రకాల కనెక్షన్లు ఇస్తాం. ఒకటి మామూలు వాడకానికి, దానికి మీటరు ఉంటుంది. రెండోది ఫైర్ కనెక్షను, దానికి మీటరు ఉండదు. మంటలు ఆర్పే నీళ్ళకు డబ్బు అడగకూడదన్నది నియమం. ఆ నీళ్ళు మేడ మీద ఒక ప్రత్యేకమైన ట్యాంకులో నిలవుంటాయి. అక్కడినుంచి ప్రతి అంతస్తులో చుట్టపెట్టిన రబ్బరు గొట్టానికి దిగుతాయి. ట్యాంకు కింద వాల్వుకు వైరు చుట్టి, సీసపు బిళ్ళ బిగించి, మా గుర్తు నొక్కుతాం. అదే సీలు. మంట ఆర్పడానికో, నెలకోసారి మా ఫిట్టరు సమక్షంలో సీలు తీసి, చక్రం తిప్పి చేసే పరీక్షకో తప్ప ఆ నీళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దొంగతనం కింద లెక్క, కనెక్షను కోసేస్తాం.

ఆ వేసవిలో ఊరంతా ట్యాంకర్ల వెంట పరుగెత్తుతుంటే ఒక ప్రసూతి ఆసుపత్రి మాత్రం ఒక్క ట్యాంకరు కూడా కొనలేదు. రోజుకు ఎన్ని దుప్పట్లు ఉతకాలి, ఎంతమంది బాలింతలకు నీళ్ళు కాచాలి! మీటరు చూస్తే నత్తనడక. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకున్నాను. చెప్పాపెట్టకుండా తనిఖీకి బయలుదేరాను, ఫిట్టరు ఖాదర్‌ను వెంటబెట్టుకుని.

ఆసుపత్రి మేనేజరు రెడ్డెప్ప సొంతూరు పెద్దమండ్యం. నేను ఫైర్ ట్యాంకు చూపించమన్నానో లేదో, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "మేం సీలు ముట్టుకోలేదు సార్, దేవుడి తోడు" అన్నాడు. అడగని ప్రశ్నకు వచ్చిన జవాబును నేనెప్పుడూ నమ్మను. మరి నీళ్ళు యాడినుంచి వస్తాండాయప్పా అని అతని భాషలోనే అడిగాను. ఆసుపత్రి నడిపే డాక్టరమ్మకు ఊరి బయట టమోటా తోట ఉందనీ, ఆ బోరు నీళ్ళు తెల్లవారుజామున ట్రాక్టరులో వస్తాయనీ చెప్పాడు. అదీ నమ్మలేదు.

మేడెక్కాం. ట్యాంకు నిండుగా ఉంది. మూత మీద దుమ్ము మందంగా పేరుకుంది, నీళ్ళు పాచిపట్టి ఉన్నాయి. దొంగ వాడే నీళ్ళు తేటగా ఉంటాయి. గొట్టాల వెంట అంగుళం అంగుళం చూశాను, దొంగ కొళాయి ఎక్కడా లేదు. సీలు చెక్కుచెదరలేదు. రెడ్డెప్ప చెప్పిందంతా నిజమే. నిజం చెప్పాలంటే నాకు కాస్త నిరాశ కలిగింది.

దిగబోతూ వాల్వు చక్రం వైపు ఇంకోసారి చూశాను. ఆయుధపూజనాడు పూసిన పసుపు, పెట్టిన కుంకుమబొట్టు ఎండి చక్రానికీ ఇరుసుకూ కలిపి అట్టకట్టి ఉన్నాయి. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. అంటే దసరా నుంచి ఈ చక్రాన్ని ఎవరూ తిప్పలేదు. ఇంతవరకూ అది వాళ్ళ నిర్దోషిత్వానికి సాక్ష్యం. కానీ నెలనెలా పరీక్ష చేయాలి కదా, అది ఏమైనట్టు?

పై అంతస్తులోకి దిగి, బాలింతల వార్డు బయట ఉన్న గొట్టాన్ని విప్పమన్నాను. మూతి తిప్పితే నీళ్ళు రాలేదు. ఒక బొద్దింక బయటికి వచ్చి గోడెక్కింది. తలుపు అవతల ఆ ఉదయమే పుట్టిన బిడ్డ ఏడుస్తోంది.

మళ్ళీ మేడెక్కి సీలు నేనే కత్తిరించాను. చక్రం కదల్లేదు. కిరసనాయిలు పోసి, పైపు రెంచితో ఇద్దరం పట్టుపడితే చివరికి తిరిగింది. కింద గొట్టంలోంచి తుప్పునీళ్ళు దూకాయి. వాల్వు పాడవలేదు, పూర్తిగా మూసి ఉంది. మూసిన వాల్వుకే మేము సీలు వేశాం.

నియమం ప్రకారం దాన్ని తెరిచి ఉంచి సీలు వేయాలి. అప్పుడే మంట వచ్చినవేళ గొట్టం లాగితే చాలు, నీళ్ళు వస్తాయి. ఖాదర్‌ను నిలదీస్తే తల వంచుకున్నాడు. "ఎవరో ఫైర్ నీళ్ళతో వరండా కడిగినారని ముందుండిన సార్‌కు కోపమొచ్చింది సార్. సుక్క కూడా పోకుండా సీలెయ్ అన్నాడు. ఏసినా." ఆ తరువాత సీలు చెక్కుచెదరలేదు కదా అని పరీక్షకు కూడా ఎవరూ రాలేదు.

రెడ్డెప్ప మెల్లగా అన్నాడు. "సీలు తెంపితే కేసు పెడతామని మీవోళ్ళే బెదిరిచ్చినారు. పండగొస్తే బొట్టుపెట్టి దండం పెట్టుకుంటా ఉండినాం. ఇన్నాళ్ళూ మేం దేన్ని నమ్ముకొని ఉండినాం సార్?"

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఇన్నాళ్ళూ బాలింతల నెత్తిన కూర్చుని ఉంది, దాని మెడలో మా బిళ్ళ వేలాడుతోంది.

ఆ వారమే ఊళ్ళో సీలు వేసిన ఫైర్ వాల్వులన్నీ తిరిగి చూశాం. ఎన్ని మూసి ఉన్నాయో ఇక్కడ రాయను. అన్నిటినీ తెరిపించి, తెరిచినవాటికే మళ్ళీ సీలు వేయించాను. నెలనెలా పరీక్షకు ఖాదర్ వెంట నేనూ వెళ్ళాను. అప్పటినుంచి నా తనిఖీలో వరస మారింది. ముందు గొట్టం విప్పించేవాణ్ణి, సీలు తరువాత చూసేవాణ్ణి. నీళ్ళు పోతున్నాయా అని మాత్రమే చూసేవాడికి, అవసరానికి నీళ్ళు వస్తాయా అన్నది తట్టదు.

దసరాకు రెడ్డెప్ప ఫోన్ చేశాడు. చక్రానికి పసుపు పూయొచ్చా అని భయంభయంగా అడిగాడు.

పూసుకోమన్నాను. వచ్చే నెల పరీక్షలో చక్రం తిరిగి అది పగలకపోతే మాత్రం, అతని మీదా నా మీదా నేనే కేసు పెడతానన్నాను.