వంగిన మనిషికి దండ

మొన్న రామచంద్రపురం నుంచి కాకినాడ వెళ్తుంటే బస్సు మా ఊరి సెంటర్లో ఆగింది. ఊరి పేరు రాయను. రాస్తే మావాళ్ళు చాలా మర్యాదగా, మాటమాటకీ అండీ తగిలించి మరీ పోట్లాటకొస్తారు. కిటికీలోంచి చూద్దును కదా, కాలవ వంతెన పక్కన వంగి వరినాట్లు ఊడుస్తున్న కంచు మనిషికి నిలువెల్లా బంగారు రంగు పెయింటు కొట్టేశారు. పెదాలకి ఎరుపు. మెడ వెనక ఇనప కొక్కేనికి ప్లాస్టిక్ బంతిపూల దండ. పక్క సీటులో ఉన్నావిడ చేతులు జోడించి, "రైతు తల్లండీ, ఎంత కళగా ఉందో!" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా బీపీకి పనికిరాదని మా డాక్టరు చెప్పే రకం కోపం అది. కాకినాడలో బస్సు దిగాను గానీ కోపం దిగలేదు. ఇదిగో, ఇలా రాయడానికి కూర్చోబెట్టింది.

ఆ బొమ్మ చేసింది మా చిన్నత్త, మా నాన్నకి ఆఖరి చెల్లెలు. విశాఖపట్నంలో శిల్పం నేర్చుకుని వచ్చి, ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరింది. పెళ్ళెందుకు చేసుకోలేదండీ అని అడిగినవాళ్ళని, మీరెందుకు చేసుకున్నారండీ అని ఎదురు అడిగేది. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య ఉన్న రేకుల షెడ్డు ఆవిడ రాజ్యం. తడి మట్టి వాసన, కరిగిన మైనం వాసన, పొద్దస్తమానం తాగే కాఫీ వాసన కలిసిపోయి ఉండేవి అక్కడ. లోపల తలలేని మొండేలున్నాయని మా నాయనమ్మ ఆ ఛాయలకే వెళ్ళేది కాదు. నేను అప్పటికే కాలేజీలో జువాలజీ చెబుతున్నదాన్ని, మొండేలంటే భయం పోయింది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా షెడ్డులోకే పోయేదాన్ని. చిన్నత్త పనిచేస్తూ లోకాన్నంతా తిడుతూ ఉండేది. ఆ తిట్లు వినడానికే సగం వెళ్ళేదాన్నని ఇప్పుడు అనిపిస్తుంది.

తొంభైల చివర్లో ఊరి పెద్దలు కొందరు కమిటీగా ఏర్పడి, వంతెన దగ్గర రైతు విగ్రహం ఒకటి పెడదామనుకున్నారు. పనిని చిన్నత్తకి అప్పజెప్పారు. ఆవిడ ఊడ్పుల మనిషిని చేస్తానంది. మా చేలో ఊడ్పులకి ఊరి బయట పేట నుంచి వచ్చే ముఠాలో ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి. చిన్నప్పుడు బరువు దుద్దులు లాగేసి ఎడమ చెవి తమ్మె రెండుగా తెగి వేలాడేది. నోరు ఊరుకునేది కాదు, నడుం వంచి నాటుతూనే పక్కవాళ్ళని నవ్వించేది. చిన్నత్త వర్షంలో గొడుగేసుకుని గట్టు మీద కూర్చుని ఆవిడనే చూస్తూ ఉండేది. నాయనమ్మ దీనికి పిచ్చి ముదిరిందని తీర్మానించింది. చివరికి మట్టిలో మనిషి దిగింది. వంగిన నడుం, మోకాళ్ళ పైకి దోపిన చీర, వేళ్ళ మధ్య మా వైపు ఆకు అనే వరినారు నాలుగు మొక్కలు, పక్కదానితో ఏదో వేళాకోళం ఆడబోతూ కాస్త పక్కకి తిరిగిన మొహం. తెగిన చెవి కూడా.

కమిటీవాళ్ళు వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, "చాలా బాగుందండీ. కాకపోతే కాస్త నిటారుగా నిలబెడితే బాగుంటుందేమోనండీ. వంగిపోయి ఉంటే దండ ఎలా వేస్తామండీ?" అన్నారు. చిన్నత్త చేతుల మట్టి తుడుచుకుంటూ, "నిటారుగా నిలబడి ఊడిస్తే మీ చేలో పంట పండేదా అండీ?" అంది. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. మా వైపు నవ్వేసి ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టు కాదు. ఆ సంగతి చిన్నత్తకి తెలిసి ఉండాల్సింది.

రాజమండ్రిలో పోత పోయించి తెచ్చాక, చిన్నత్త దానికి మందులు పూసి, మంట పెట్టి, పచ్చా నలుపూ కలిసిన ఒక రంగు తెప్పించింది. వానలో తడిస్తే అచ్చం చేలో మనిషే. ఊడ్పులావిడ వచ్చి తన చెవి తడుముకుని, బొమ్మ చెవి తడిమి, "ఇది కూడా పెట్టేశారేటండి? ముందే చెబితే కుట్టించుకొచ్చేదాన్ని కదండి!" అని పడిపడి నవ్వింది. ఆ తరవాత వంతెన మీదుగా వెళ్ళినప్పుడల్లా వెంట ఉన్నవాళ్ళని ఆపి మరీ చూపించేదట.

ఆవిష్కరణ రోజున పెద్దమనిషి ఒకాయన వేసిన దండ, బొమ్మ తల మీదుగా జారి కాళ్ళ దగ్గర పడింది. జనం అయ్యయ్యో అన్నారు. వారం తిరక్కుండా వెల్డింగు షాపతన్ని పిలిచి బొమ్మ మెడ వెనక రంధ్రం చేసి ఇనప కొక్కెం బిగించారు. మా వైపు ఊళ్ళలో విగ్రహమంటే దండ తగిలించే మేకు, మరేం కాదు. ఆ తరవాత ప్రతి పండక్కీ, ప్రతి నాయకుడి పర్యటనకీ దండలే దండలు.

చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఫోటోకి దండ పడిందంటే మనిషి పోయినట్టు. ఊడ్పులావిడ నిక్షేపంలా బతికుంది. ముందు తోటివాళ్ళు వేళాకోళం చేశారు. తరవాత ముఠా మేస్త్రీ నిజంగానే జంకాడు. ఆ ఏడు తొలకరికి ఆవిడ ఏడుస్తూ మా పెరట్లోకి వచ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. "దండ పడ్డ మనిషివి, ఆకు ముట్టుకోకు, చేను గింజ పట్టకుండా సావులు పోద్ది అంటన్నాడండి మేస్త్రి. నేను బతికే ఉన్నాను కదండమ్మా. పన్లోకి రావొద్దంటే ఏటి తినాలండి?"

చిన్నత్త చెప్పులేసుకుని సరాసరి ప్రెసిడెంటుగారింటికి నడిచింది. వెనకే నేను. ఆయన కాఫీ ఇప్పించారు. అంతా విని ఆశ్చర్యపోయారు. "అది రైతు తల్లి కదండీ. మనిషని మేం అనుకోలేదండీ" అన్నారు. ఇన్నేళ్ళయినా ఆ మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది. కొక్కెం తీయడం మాత్రం కుదరదన్నారు. దానికి బదులుగా, వచ్చే సభలో ఆవిడని పిలిచి, పదిమందిలో ఆవిడ మెళ్ళోనే దండ వేద్దాం, అప్పుడది సన్మానం అవుతుంది, మేస్త్రీ నోరూ మూతపడుతుంది అన్నారు. ఉపాయం బాగానే ఉందని మేం సంతోషించాం.

సభ రోజున ఆవిడ తలంటుకుని, మంచి చీర కట్టుకుని, మేస్త్రీ కళ్ళెదురుగా, బొమ్మ పక్కనే వేసిన వేదికెక్కింది. ప్రెసిడెంటుగారు దండ ఎత్తారు. ఆ చేతులు ఆవిడ మెడకి జానెడు దూరంలో ఆగిపోయాయి. నేను ముందు వరసలోనే ఉన్నాను, స్పష్టంగా చూశాను. ఆవిడ తల వంచుకుని నిలబడే ఉంది. ఆయన మొహాన చిరునవ్వు చెదరకుండా వెనక్కి తిరిగి, దండ తీసుకెళ్ళి బొమ్మ కొక్కేనికి తగిలించి, జాకెట్టు గుడ్డ ఒకటి ఆవిడ పట్టిన కొంగులో పైనించి జారవిడిచారు. జనం చప్పట్లు కొట్టారు. ఛీ, ఆ చప్పట్లు!

మెట్లు దిగి వచ్చి ఆవిడ చిన్నత్తతో, "ఊరుకోండమ్మా, బొమ్మకైతే అంటుండదు కదండి" అంది.

మర్నాడు పట్టపగలు చిన్నత్త ఇనప కోసే రంపం పట్టుకుని దిమ్మ ఎక్కింది. సెంటరంతా మూగింది. విగ్రహానికి అపచారమని కొందరు అరిచారు. "బొమ్మ నాది. మెడ ఆవిడది. కొక్కెం ఎవడిదో ముందుకొచ్చి చెప్పమనండి!" అని పైనించి గద్దించింది. ఎవడూ రాలేదు. నెల తిరక్కుండా అంతకన్నా లావు కొక్కెం వచ్చింది. చిన్నత్త షెడ్డుకి తాళం వేసింది, మళ్ళీ కంచు ముట్టుకోలేదు. ఊడ్పులావిడని ఏ ముఠా రానివ్వలేదు. జంగారెడ్డిగూడెం వైపు కూతురి దగ్గరికి జీడిపిక్కల పనికి వెళ్ళిపోయింది. కొన్నేళ్ళకి అక్కడే పోయిందని కబురొచ్చింది.

చిన్నత్త కూడా పోయింది. ఆవిడ ఫోటోకి నేను దండ వేయలేదు. తెలియనివాళ్ళు గోడ వైపు చూసి, "మీ చిన్నత్తగారు బాగున్నారా అండీ?" అని అడుగుతారు. "బాగానే ఉందండీ, కోపంగా ఉంది" అంటాను.

బస్సులో పక్కావిడతో పోట్లాడదామనే నోరు తెరిచాను. ఏమని పోట్లాడను? ఊడ్పులావిడ లేదు. పోయిన మనిషి బొమ్మకి దండ వేస్తే తప్పేమిటని అడుగుతుంది. బతికున్న మనిషికి వేసిన ఆ దండని అక్కడే ఉంచి, ఏడాది మీద ఏడాది గడిపి, చివరికి దాన్నే ఒప్పు చేసి కూర్చుంది కాలం. అది కూడా ఆ కమిటీలో మెంబరేనని నాకు ఇంత ఆలస్యంగా తెలిసింది.