రెండు కాగితాల మీద ఒక ముఖం

మహబూబాబాద్‌లో మా వీధి చివరి నూడుల్స్ బండి దగ్గర వెనిగర్ సీసా మూత తీసినప్పుడల్లా జనగామలోని ఒక చీకటి గది గుర్తుకొస్తుంది. ఫొటో కాగితాలు ముంచే ద్రావణాల్లో ఒకదానిది అచ్చంగా ఆ పుల్లని వాసనే. ఇరవై ఏడో ఏట నేను ఆ స్టూడియోలో ప్రింట్లు వేసే పనికి చేరాను. యజమాని సుగుణక్క. ఫొటోలు తీసేదీ, నేను వేసిన ప్రింట్లలో తప్పొప్పులు పట్టేదీ ఆమే.

ఏ కాగితానికి ఎన్ని సెకన్లు వెలుగు చూపాలో పట్టిక రాసి గోడకు అంటించాను. మెత్తని కాగితానికి పది, గట్టిదానికి పద్దెనిమిది. మెత్తనిది నలుపు తెలుపుల మధ్య ఛాయలన్నీ నిలుపుతుంది. గట్టిది వాటిని మింగేస్తుంది. సుగుణక్క పట్టికను మెచ్చుకుంది గానీ, తాను మాత్రం జనగామ నుంచి కాజీపేట వైపు వరసగా వచ్చే రైలు స్టేషన్ల పేర్లు సాగదీస్తూ లెక్కపెట్టేది. ఒక్కో పేరుకు మూడు సెకన్లు, గడియారంతో సరిచూశాను. నా ప్రింటు పాలిపోతే నవ్వేది: "ఏందయ్యా, మొఖాన్ని రఘునాథపల్లిలనే దించినవ్? జర ఘన్‌పూర్ దాక పోనియ్యి."

ఒకరోజు నర్మెట్ట దగ్గరి తండా నుంచి ఒకతను చెల్లెలు బుజ్జిని పెళ్లి సంబంధానికి పంపే ఫొటోకు తీసుకొచ్చాడు. అంతకుముందు వేరేచోట తెల్లగా తీయించిన ఫొటో చూసి వచ్చినవాళ్లు, ఫొటోలో పిల్ల వేరు, ఈ పిల్ల వేరు అని ఆమె ముందే అని లేచిపోయారట. అయినా అతను మళ్లీ అదే అడిగాడు.

"అక్కా, జర తెల్లగ రావాలె. గీ సంబంధం పోవద్దు."

"తెల్లగ చేసుడెంత సేపు! వాళ్లు ఇంటికొచ్చి చూస్తే ఏం జేస్తవ్?" అంది సుగుణక్క.

"గప్పటి సంగతి గప్పుడు" అన్నాడతను. బుజ్జి తల ఎత్తలేదు.

అతను కోరినట్టే గట్టి కాగితం మీద, పట్టికకన్నా ఆరు సెకన్లు తగ్గించి వేశాను. ముఖం సున్నం కొట్టిన గోడలా వచ్చింది. చెంప మీది పచ్చబొట్టు మాయమైంది. సుగుణక్క మెత్తని కాగితం తీసి, ఘన్‌పూర్ దాటి పెండ్యాల దాకా లెక్కపెట్టింది. ద్రావణంలో చామనఛాయ, పచ్చబొట్టు, చెవి పక్కన వెండి గొలుసులు ఒక్కొక్కటిగా తేలాయి.

రెండు ప్రింట్లనూ అన్నకు కాదు, బుజ్జి చేతికే ఇచ్చింది. ఆ పిల్ల తెల్లదాన్ని పక్కకు నెట్టింది.

"గామె ఎవరో నాకెర్కలేదు. గిది నేను. గిదే పంపు అన్నా. వద్దంటే వాళ్లింట్లనే అనుకుంటరు, నా ముందటికొచ్చి అనరు."

అన్న ఆ తడి ప్రింటు ఆరేదాకా పాత పేపరుతో విసురుతూ కూర్చున్నాడు. సంబంధం కుదిరింది. ఫొటో చూసే వచ్చినమని పెళ్లికొడుకు తల్లి అన్నదట.

సుగుణక్క ఇప్పుడు లేదు. మొన్న భూపాలపల్లిలో ఉద్యోగంలో చేరిన మా అమ్మాయికి గుర్తింపు కార్డు కోసం ఫొటో తీస్తూ, ఫోన్‌లో ముఖాన్ని తెల్లబరిచే అమరికను ఆపేశాను.

"జర తెల్లగుంటే ఏమైతది బాపూ?" అంది.

"ఆఫీసు గేటు కాడ నిలవడితే, కార్డు చూసినోళ్లు గిది నువ్వే అనాలె బిడ్డా" అన్నాను.