కల్లంలో చదవగలిగే అక్షరాలు

మా ఊరి మిర్చి రైతులకు వాన హెచ్చరికలు పంపే వెబ్‌సైట్ తయారవుతోంది. హెచ్చరిక వెంటనే చదవకపోతే కల్లంలో ఆరబోసిన కాయ తడిసిపోతుంది. గుంటూరు నుంచి వచ్చిన డిజైనర్ కిరణ్ దానికి సన్నటి అక్షరాలు పెట్టాడు. ఒత్తులైతే వెంట్రుకల్లా ఉన్నాయి.

లావువి పెట్టమంటే, "లావువి మోటుగా ఉంటాయండీ," అన్నాడు.

ఈ మధ్యాహ్నం అతన్ని మా కల్లానికి తీసుకెళ్ళాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న మా మరియమ్మ పిన్నికి అతని పేజీ తెరిచి ఫోన్ ఇవ్వబోయాను.

"ముందు ఆ బాబునే చదవమనరా," అంది.

కిరణ్ ఫోన్ అందుకున్నాడు. ఎండ ఒక పక్క, మిరప ఘాటు ఒక పక్క. వరసగా తుమ్మాడు, కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

"ఏంటి బాబూ, కాయ మీద పట్టాలు కప్పమంటావా, వద్దంటావా?"

"ఏమీ కనపడట్లేదండీ!"

అదే హెచ్చరికను లావు అక్షరాలతో చేసిన పేజీ తీసి పిన్నికిచ్చాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే, ఫోన్ దూరంగా పట్టుకుని, గడగడా చదివేసింది.

మాకు లావువే ఖాయం. సన్నటి అక్షరాలు ఎవరికైనా కావాలంటే చెప్పండి, కొత్తవి, వాడనివి ఉన్నాయి.