కోళ్ల గూటి బెల్లు

మావారికి అండమాన్‌లో టీచరు ఉద్యోగం వచ్చి, బాంబూఫ్లాట్ అనే ఊళ్లో కాపురం పెట్టిన కొత్త. పెరట్లో పదకొండు కోళ్లు పెంచాను. పట్టపగలే ఉడుములు వచ్చి గుడ్లు తినేస్తుంటే, మావారు గూటి చుట్టూ జానెడెత్తున నైలాను దారం కట్టి, వంటింట్లోని కరెంటు బెల్లుకు కలిపారు. దారం లాగితే బెల్లు మోగేది.

నీళ్లు వదిలే వేళకు పక్కింటి రాంచీ దీదీ మా పెరటి కుళాయికి వచ్చేది. రోజూ ఆమె కాలికి దారం తగిలేది. నేను "కౌన్ హై?" అని అరిస్తే, "ఉడుము కాదు బేటీ, నేనే!" అని నవ్వేది.

ఆ సాయంత్రమూ నీళ్ల వేళకే మోగింది. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. దీదీయే కదా అని, అడగకుండానే బెల్లు స్విచ్ ఆపేశాను.

చాలాసేపటికి బిందె తీసుకుని వెళ్తే, కుళాయి నీళ్లు వృథాగా పోతున్నాయి. దీదీ గూటి పక్కన పడి ఉంది. మూతి వంకరపోయింది. మాట లేదు. కళ్లు మాత్రం మా వంటింటి వైపే చూస్తున్నాయి. దారం ఆమె ఎడమచేతి వేళ్లకు రెండు చుట్లు తిరిగి, చర్మం కోసుకుపోయింది.

పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఫెర్రీ అవతలి ఒడ్డు చేరకముందే ప్రాణం పోయింది.

"నోరు పడిపోయింది, పాపం ఎవర్నీ పిలవలేకపోయింది" అన్నారందరూ.

ఆమె పిలిచింది. ఆ సంగతి ఇన్నేళ్లూ మావారికి కూడా చెప్పలేదు.

– పేరు రాయలేని ఒక పాఠకురాలు