స్పోర్ట్స్ కారుకు నా దిష్టట!

ఇయ్యాల మా తమ్ముని కొడుకు, నేను వానికి పిల్లను చూడ చందుర్తికి బయలెల్లినం. వాడు దుబాయి నుంచి వచ్చి కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కోరుట్ల దాటకముందే ఇంజను వేడెక్కి ఆగింది. దిగి చూస్తే ముంగటి జాలీ నిండ బంతిపూల దండలు, నిమ్మకాయలు. ఇంజనుకు గాలెట్ల తగులుతది? మా నాయిన ఎడ్లకు గంటలు కట్టిండు గని ముక్కులు మూయలే.

"దండలు తియ్‌రా" అన్న.

"పొద్దుగాల నువ్వే గదా పెద్దనాయినా, కారును మింగేటట్టు చూసినవ్! నీ దిష్టే తగిలింది."

నేనే తెంపి పారేసిన. ఇంజను సల్లారినంక బండి స్టార్టయింది. మల్ల నా దిష్టి తగులుతదని నన్ను రోడ్డు మీదనే ఇడిసిపెట్టి వాడొక్కడే పోయిండు!

ఆటోల ఇంటికొచ్చేసరికి పిల్ల తండ్రి ఫోను: "పెద్దమనిషి లేకుంట పిల్లగాడొక్కడే అచ్చిండేంది?"

"నేను చూస్తే కారే ఆగుతదట. ఇగ మీ బిడ్డను ఎట్ల చూడాలె?" అన్న.

తప్పు మాట్లాడిన్నా? మీరే చెప్పుండ్రి.